సన్ ఫిల్మ్ షాపుల రీల్స్‌కి రివ్యూ: బల్బు ముందు చెయ్యి పెడితే తేలేది ఎంత?

ఎండలు ముదిరాయంటే చాలు, ఫోన్ తెరిస్తే కార్ డెకార్ షాపుల రీల్సే. సగానికి పైగా ఒకటే సీను. ఒక చెక్కపెట్టె, లోపల ఎర్రగా వెలిగే బల్బు, దాని ముందు రెండు గాజు పలకలు, ఒకదానికి సన్ ఫిల్మ్, అంటే ఎండ ఆపడానికి అద్దాలకి అతికించే పల్చటి ప్లాస్టిక్ పొర. ఫిల్మ్ లేని గాజు దగ్గర చెయ్యి పెట్టినాయన అబ్బా అంటూ వెనక్కి లాక్కుంటాడు. ఫిల్మ్ వేసిన గాజు దగ్గర హాయిగా నవ్వుతాడు. కింద పెద్ద అక్షరాలతో 99 శాతం హీట్ రిజెక్షన్ అని రాసి ఉంటుంది.

ఈ రివ్యూ ఏ ఒక్క షాపు గురించీ కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల సన్ ఫిల్మ్ షాపులు పెట్టే వీడియోలు ఎన్ని రకాలున్నాయో చూసి, ఒక్కో రకానికి ఎంత విలువ ఇవ్వొచ్చో చెప్పడమే పని. షాపు నడిపేవాళ్లకి ఏది తీయాలో, కారు ఓనర్లకి ఏది నమ్మాలో రెండూ ఇందులోనే తేలతాయి. కొలబద్ద ఒకటే. వీడియోలో చూపించింది కస్టమర్ తన కారు అద్దం మీద, అదే షాపులో నిలబడి సరిచూసుకోగలగాలి. అలా వీల్లేని వీడియోకి ఎన్ని లైకులొచ్చినా మార్కులు తక్కువే.

బల్బు పెట్టె

పెట్టెలో ఉండేది సాధారణంగా 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు. దాని నుంచి వచ్చే శక్తిలో చాలా వరకు ఇన్‌ఫ్రారెడే, కంటికి కనిపించే వెలుగు కొంచెమే. ఎండ సంగతి వేరు. ఎండ మోసుకొచ్చే శక్తిలో ఇన్‌ఫ్రారెడ్ వాటా సగానికి కాస్త ఎక్కువ. దాదాపు 44 శాతం మామూలు వెలుగు, మిగిలిన కొద్దిపాటి యూవీ. ఆ వెలుగు కూడా సీటు మీద, డ్యాష్‌బోర్డు మీద పడ్డాక వేడిగానే మారుతుంది. బల్బు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్మ్ వంద మార్కులు కొట్టేస్తుంది, ఎందుకంటే పరీక్షలో ఉన్న ప్రశ్న అదొక్కటే. ఎండలో ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది.

లెక్క వేస్తే తేలిపోతుంది. ఎండ 100 పాళ్లు అనుకోండి: ఇన్‌ఫ్రారెడ్ 53, వెలుగు 44, యూవీ 3. అద్దమూ ఫిల్మూ కలిసి వెలుగులో 70 శాతం వదిలి, ఇన్‌ఫ్రారెడ్‌లో 90 శాతం ఆపాయనుకుందాం. వెలుగు నుంచి 31 పాళ్లు, ఇన్‌ఫ్రారెడ్ నుంచి 5 పాళ్లు నేరుగా లోపలికొస్తాయి. అంటే 36. ఓ 8 పాళ్లు అద్దం మీద పడి వెనక్కి పోతాయి. మిగిలిన 56 పాళ్లు అద్దం, ఫిల్మ్ కలిసి పీల్చుకుంటాయి. పీల్చుకున్న వేడి అక్కడే ఉండిపోదు. కారు ఆగి ఉంటే అందులో పావు వంతుకు పైగా, అంటే ఓ 15 పాళ్లు, మెల్లగా లోపలికే దిగుతుంది. 36కి 15 కలిపితే 51. బయట ఆగినవి 49. వీడియోలో 90 అని రాసిన ఫిల్మ్ ఎండలో నిజంగా ఆపింది సగం.

ఈ 49నే టీఎస్‌ఈఆర్ అంటారు, ఎండలోని మొత్తం శక్తిలో ఎంత ఆగిందన్న లెక్క. 90 అన్నది ఐఆర్ఆర్, ఇన్‌ఫ్రారెడ్ ఒక్కదాని లెక్క. పైగా కొన్ని కంపెనీలు ఐఆర్ఆర్‌ని మొత్తం ఇన్‌ఫ్రారెడ్ మీద కాకుండా 900 నుంచి 1000 నానోమీటర్ల మధ్య చిన్న ముక్క మీద కొలిచి చెబుతాయి. ఆ ముక్కలో తమ ఫిల్మ్ బాగా పనిచేస్తుంది కాబట్టి. రీల్‌లో టీఎస్‌ఈఆర్ కనిపించకుండా ఐఆర్ఆర్ ఒక్కటే కనిపిస్తే కామెంట్‌లో అడగాల్సింది టీఎస్‌ఈఆర్ ఎంత అనే. సగం వేడి ఆగడం చిన్న విషయమేం కాదు, మే నెలలో బందరు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది. ఆ సగాన్ని సగంగా చెబితే చాలు. 99 అని అరవాల్సిన పనిలేదు.

బల్బు రీల్‌లో ఇంకో లోపం టైమ్. చెయ్యి పెట్టేది పది సెకన్లు. సిరామిక్ కణాలు కలిపిన ఫిల్మ్‌లు ఎక్కువగా వేడిని పీల్చుకుని పనిచేస్తాయి. మొదటి పది సెకన్లలో ఫిల్మ్ ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి చేతికి ఏమీ తగలదు. అదే బల్బుని పది నిమిషాలు వెలిగించి ఉంచితే గాజు కాలిపోతుంది, ఆ గాజు నుంచే చేతికి సెగ తగులుతుంది. పది నిమిషాలూ కట్ చేయకుండా తీసి, వేగం పెంచి అరనిమిషానికి కుదించి, మూలన గడియారం కనిపించేలా పెట్టిన వీడియో అయితే 5కి 3 ఇవ్వొచ్చు. పది సెకన్ల వీడియోకి ఒకటిన్నర.

5కి 5 వచ్చే వీడియో తీయడానికి పెట్టె అక్కర్లేదు. చేతిలో పట్టేంత సోలార్ పవర్ మీటర్ ఉంటే చాలు, అది చదరపు మీటరుకి ఎన్ని వాట్లో చూపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, సూర్యుడి వైపు తిప్పితే వెయ్యి దరిదాపుల్లో ఉంటుంది. కస్టమర్ కారు డోర్ అద్దం వెనక పెట్టి, ఫిల్మ్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చదవాలి. అదే అద్దం, అదే కోణం, మధ్యలో మబ్బు రాకూడదు. ఫిల్మ్ వేయడానికి గంటలు పడుతుంది, ఈలోపు సూర్యుడు జరుగుతాడు కాబట్టి రెండుసార్లూ ముందు బయటి ఎండని చదివి, అద్దం వెనక వచ్చిన అంకె అందులో ఎంత శాతమో చెప్పాలి. ఈ మీటరు నేరుగా దూరి వచ్చినదాన్నే కొలుస్తుంది, అద్దం పీల్చుకుని లోపలికి వదిలేదాన్ని కాదు. ఆ మాట కూడా వీడియోలో ఒక్క వాక్యంలో చెప్పేస్తే సరి.

టెంపరేచర్ గన్‌తో తీసిన వీడియోలు మాత్రం చాలా వరకు తప్పుదారి పట్టిస్తాయి. గన్ అద్దం వైపు పెడితే అది అద్దం ఒంటి వేడినే చదువుతుంది, అవతలి ఎండని కాదు. పీల్చుకునే ఫిల్మ్ వేసిన అద్దం మామూలు అద్దం కంటే వేడిగా ఉంటుంది. మంచి ఫిల్మ్ వేసి గన్ పెట్టి, అంకె పెరగడం చూసి కంగారుపడి వీడియో తీసేసే షాపులున్నాయి. గన్ పెట్టాల్సింది సీటు మీద, ఎండ పడే చోట.

ఎండలో పార్క్ చేసినా కారు చల్లగా ఉంటుందనే రీల్స్‌కి సున్నా. మూసిన కారు గంటల తరబడి ఎండలో ఉంటే రూఫ్ నుంచీ, ముందు అద్దం నుంచీ వేడి చేరుతూనే ఉంటుంది. ఫిల్మ్ వల్ల ఆ వేడి ఎక్కడం కాస్త నెమ్మదిస్తుంది. ఏసీ వేశాక త్వరగా చల్లబడుతుంది, పక్కనుంచి ఎండ పడే చేతికి మంట తగ్గుతుంది. చూపించాలంటే ఒకే మోడల్, ఒకే రంగు కార్లు రెండు, ఒకే దిక్కుకి నిలిపి, థర్మామీటరు సీటు వెనక నీడలో వేలాడదీసి, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఉంచి, తర్వాత రెండిట్లో ఒకేసారి ఏసీ వేసి ఎవరు ముందు 28 డిగ్రీలకి వస్తారో చూపించండి. జనం చివరిదాకా చూస్తారు, ఎందుకంటే అది పందెం.

70, 50, గుణకారం

అన్ని రీల్స్‌లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదిగో ఈ ముక్క: సార్, ఇది 50 పర్సెంట్ ఫిల్మ్, లీగల్, ఎవరూ ఆపరు.

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 100వ రూల్ చెప్పేది ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుగు పోవాలని. ఆ శాతాలు ఫిల్మ్‌వి కావు, అద్దం మొత్తానివి. కారు అద్దం ఫ్యాక్టరీ నుంచే లేత ఆకుపచ్చగా వస్తుంది కాబట్టి అదే కొంత వెలుగుని మింగేస్తుంది. పక్క అద్దం ఒంటరిగా 78 శాతం వెలుగు వదిలిందనుకోండి. దానికి 70 ఫిల్మ్, అంటే 70 శాతం వెలుగు వదిలే ఫిల్మ్ వేస్తే 0.78 ఇంటూ 0.70, అంటే 54.6 శాతం. పాస్. అదే అద్దానికి 50 ఫిల్మ్ వేస్తే 39. ఫెయిల్. అద్దం ఒంటరిగా 75 ఉండి 65 ఫిల్మ్ వేస్తే 48.75, ఒకటింపావు శాతం తేడాతో పోయింది. ముందు అద్దానికి ఇంకా ఇరుకు. అద్దం 80 ఉంటే 90 ఫిల్మ్‌తో 72 వస్తుంది. అద్దం 76 ఉంటే అదే ఫిల్మ్‌తో 68.4కి పడిపోతుంది. డబ్బా మీద రాసిన అంకె చూసి మాటిచ్చేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఈ గుణకారం ఒక్కటీ వైట్‌బోర్డు మీద మార్కర్‌తో వేసి చూపించే రీల్ ఎంతమంది తీశారో వెతికి చూడండి, చాలా కొద్దిగా దొరుకుతాయి. తీసినవాళ్ల కామెంట్లలో మాత్రం మా కారుకి ఎంత వస్తుందన్న ప్రశ్నలు కుప్పలు. ఒక్కో ప్రశ్నా ఒక్కో ఎంక్వైరీ. అద్దంలోంచి ఎంత శాతం వెలుగు పోతుందో చూపించే వీఎల్‌టీ మీటరు ఒకటి కొనుక్కుంటే ఏడాదికి సరిపడా వీడియోలు అందులోనే ఉన్నాయి. ఈ వారం ఫలానా మోడల్ పక్క అద్దం ఖాళీగా ఎంత, 70 ఫిల్మ్‌తో ఎంత, వచ్చే వారం ఇంకో మోడల్.

మీటర్లు రెండు రకాలు. గాడి ఉన్న రకం, అద్దం కొంచెం దించి పై అంచుకి తగిలిస్తే చాలు, డోర్ అద్దాలకే పనికొస్తుంది. రెండు ముక్కల రకం, ఒకటి లోపల ఒకటి బయట పెట్టేది, ముందు వెనక అద్దాలకి తప్పదు. ఏదైనా సరే ముందు ఖాళీగా 100 చూపించేలా సెట్ చేయడం వీడియోలో కనిపించాలి. ఆ ఒక్క సెకను కట్ చేస్తే అంకెని నమ్మాల్సిన అవసరం చూసేవాళ్లకి లేదు. అప్పుడే వేసిన తడి ఫిల్మ్ మీద చదవొద్దు. లోపల నీటి పొర వల్ల మసక ఉంటుంది, అంకె సరిగా రాదు.

ఇక లీగల్ అనే మాట. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు, శాతం ఎంతైనా సరే అద్దాలకి ఫిల్మ్ అతికించకూడదని చెప్పింది. తర్వాత 100వ రూల్ మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అందులో సేఫ్టీ గ్లేజింగ్ అనే మాట చేరింది, అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం. దాని ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, 70, 50 శాతాలకి తగ్గకుండా ఫిల్మ్ వేసుకుంటే జరిమానా వేయకూడదని తీర్పిచ్చింది. అది కేరళ హైకోర్టు తీర్పు. మన రెండు రాష్ట్రాల్లో చెకింగ్ దగ్గర కానిస్టేబుల్‌కి అది చూపించి వాదించొచ్చు గానీ, ఆయన దానికి కట్టుబడాలన్న నియమం లేదు. కేరళ తీర్పు పేపర్ కటింగ్ పెట్టి, ఇప్పుడు ఇండియా అంతా ఓకే అని రాసే పోస్టులకి సున్నా కంటే తక్కువ ఇవ్వాలి. చలానా పడ్డ కస్టమర్ తిరిగొచ్చి అడిగితే పోస్టు పెట్టినవాళ్ల దగ్గర జవాబుండదు. రాయాల్సింది ఇంతే: మీ అద్దం మీద కొలిచి, ముందు వెనక 70కి, పక్కన 50కి తగ్గకుండా వేస్తాం, రీడింగ్ స్లిప్ ఇస్తాం, చెకింగ్ దగ్గర ఏమవుతుందో మాటివ్వలేం. ఇలా రాసే షాపులకి కస్టమర్లు తగ్గుతారన్న భయం అనవసరం. కొత్త కారు కొన్న కుటుంబాలు వెతికేది సరిగ్గా ఇలాంటి షాపునే.

పని చేస్తుండగా తీసే వీడియోలు

వీటికి మంచి మార్కులే ఇవ్వాలి, కాకపోతే తీయాల్సిన చోట తీయడం లేదు. అందరూ లైనర్ (గమ్ మీద ఉండే పల్చటి పొర) ఒలిచే షాటు, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో నీళ్లు తోసే షాటు తీస్తారు. చూడ్డానికి బాగుంటాయి. పని తెలిసినవాడు చూసేది మాత్రం అంతకు ముందు పదిహేను నిమిషాల్ని.

మొదటిది నీళ్లు. స్ప్రే బాటిల్‌లో లీటరు నీళ్లకి కొన్ని చుక్కల బేబీ షాంపూ చాలు. ఎక్కువైతే గమ్ పట్టదు, వారాల తరబడి పాలలాంటి మసక పోదు. తక్కువైతే ఫిల్మ్ తాకినచోటే అతుక్కుపోతుంది, జరపబోతే ముడత పడుతుంది. బోరు నీళ్లు వాడితే ఆరాక ఉప్పు చుక్కలు ఫిల్మ్ కింద తెల్లగా మిగిలిపోతాయి, వాటిని తీయడానికి ఫిల్మ్ పీకడం తప్ప దారి లేదు. ఆర్వో నీళ్లు పోసి, చుక్కలు లెక్కపెట్టి కలిపే షాటు ఐదు సెకన్లు పెట్టండి. ఆ షాపుకి పని తెలుసని దాంతోనే అర్థమైపోతుంది.

రెండోది గుడ్డలు. డోర్ ప్యాడ్ మీద టవల్ కప్పకుండా నీళ్లు కొడితే పవర్ విండో స్విచ్‌ల్లోకి దిగుతాయి. వెనక అద్దానికి వేసేటప్పుడు స్పీకర్ల మీద, ముందు అద్దానికి వేసేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద కప్పాలి. అక్కడి నుంచి నీరు వైరింగ్‌లోకి పోతే ఆ ఖర్చు ఫిల్మ్ ఖర్చుని మించిపోతుంది. కస్టమర్లు ఎప్పుడూ అడగని, అడగాల్సిన ప్రశ్న ఇది.

మూడోది దుమ్ము. రోడ్డు పక్కన షట్టర్ ఎత్తి, ఫ్యాను వేసి, లైనర్ ఒలుస్తున్న వీడియో పెట్టడమంటే మా పనిలో నలకలు ఉంటాయని మనమే పోస్టర్ వేసుకోవడం. లైనర్ ఒలిచిన క్షణం నుంచి ఫిల్మ్‌కి గాల్లో ఉన్న ప్రతి నూలుపోగూ అంటుకుంటుంది. నేల తడిపి, ఫ్యాను ఆపి, గమ్ వైపు కూడా తడుపుతూ ఒలవాలి. అద్దాన్ని కొత్త బ్లేడుతో గీకి, కింద బీడింగ్‌లో, అంటే అద్దం అంచు రబ్బరులో ఉన్న మట్టిని ముందే తోసేయాలి. నలకలు ఎక్కువగా ఫిల్మ్ కింది అంచు బీడింగ్‌లోకి దోపేటప్పుడే పైకి వస్తాయి.

వెనక అద్దం దగ్గర దగ్గరగా తీసే వీడియో ఒక్కటి చేసినా చాలు. అద్దం రెండు వైపులా వంగి ఉంటుంది, ఫిల్మ్ చదునుగా ఉంటుంది. అందుకే ముందు ఫిల్మ్‌ని అద్దం బయటి వైపు పరిచి, పైనా కిందా లేచి నిలబడ్డ మడతల్ని హీట్ గన్‌తో కుదిస్తారు. గన్ ఒకేచోట ఆగకూడదు. ఆగితే ఫిల్మ్ ముడుచుకుపోయి గీత పడుతుంది, ఇంకాస్త ఆగితే అద్దమే పగలొచ్చు. మడత మెల్లగా కరిగిపోయి అద్దం ఆకారంలోకి ఫిల్మ్ ఒదిగే దృశ్యం, వెనక ఏ పాటా లేకుండా గన్ చప్పుడు, ప్లాస్టిక్ కార్డుతో ఫిల్మ్‌ని రుద్దే చప్పుడుతో పెట్టండి. పాట లేకపోవడం ఇంకో రకంగానూ మంచిదే, వ్యాపార ఖాతాల్లో సినిమా పాట వాడితే ఆ యాప్ వాళ్లు శబ్దం తీసేయడం మామూలే.

వెనక అద్దం మీద డీఫాగర్ తీగలు ఉంటాయి, అద్దం మీది మసకని వేడితో పోగొట్టేవి. వాటి మీద బ్లేడు పడితే తీగ తెగుతుంది, పొగమంచు రోజున ఆ గీత దగ్గర అద్దం తేరుకోదు. పాత ఫిల్మ్ తీసే వీడియోల్లో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాత ఫిల్మ్‌ని స్టీమ్ పట్టి, లేదా సబ్బు నీళ్లు కొట్టి నల్ల పాలిథీన్ కవరు పరిచి ఎండలో ఉంచి, గమ్ మెత్తబడ్డాక తీగల వెంబడి నెమ్మదిగా లాగాలి. మిగిలిన గమ్‌ని మెత్తటి ప్యాడ్‌తో తుడవాలి. సరసరా బ్లేడుతో గీకే వీడియోకి వ్యూస్ ఎక్కువొస్తాయి, నిజమే. పని తెలిసిన కస్టమర్ మాత్రం ఆ వీడియో చూశాక ఆ షాపుకి వెళ్లడు.

వంకాయ రంగులోకి తిరిగిన పాత ఫిల్మ్ తీసే వీడియో అయితే ఎందుకలా అయిందో కూడా చెప్పాలి. చవక ఫిల్మ్‌లో నలుపు రంగు అద్దకం. ఎండకి ఆ రంగు విరిగిపోయి ఊదా మిగులుతుంది. కార్బన్, సిరామిక్ ఫిల్మ్‌లలో రంగు అలా దిగదు. బుడగలు లేస్తే అది గమ్ పోయినట్టు.

ఎవరూ తీయని వీడియోలు

లోహపు పొర ఉన్న ఫిల్మ్ ముందు అద్దానికి వేస్తే ఫాస్టాగ్ చదవడం కష్టమవుతుంది. ట్యాగ్ పనిచేసేది 865–867 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, లోహం వాటిని ఆపుతుంది. జీపీఎస్‌కీ, ఫోన్ సిగ్నల్‌కీ అదే ఇబ్బంది రావచ్చు. టోల్ గేటు దగ్గర వెనక హారన్లు మోగుతుంటే దిగి వెళ్లి బతిమాలుకోవాల్సి వస్తుందని ముందే చెప్పే షాపు అరుదు. సిరామిక్‌లో ఆ బాధ లేదు. పది సెకన్ల వీడియోకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

రాత్రి వీడియో ఇంకోటి. లోపల కూర్చుంటే సైడ్ మిర్రర్ ఎలా కనిపిస్తుందో, వీధి దీపం లేని సందులో రివర్స్ చేస్తుంటే ఏం కనిపిస్తుందో చూపించాలి. అయితే ఫోన్ కెమెరా మోసం చేస్తుంది. చీకటి చూడగానే దానంతటదే వెలుగు పెంచేస్తుంది, నల్ల ఫిల్మ్ కూడా తేటగా కనిపిస్తుంది. తెర మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. ముందు ఫిల్మ్ లేని అద్దంలోంచి లాక్ చేసి, అదే లాక్‌తో ఫిల్మ్ ఉన్న అద్దానికి తిప్పాలి. పగలు తీసే ముందు, తర్వాత ఫోటోలకీ ఇదే సూత్రం. లాక్ చేయని బిఫోర్-ఆఫ్టర్ ఫోటోలకి విలువ లేదు.

యూవీ గురించి పెట్టే పోస్టులు సగం నిజం. 99 శాతం యూవీ ఆపుతుందన్నది చాలా ఫిల్మ్‌లకి నిజమే, మంచి కంపెనీ చవక రకానికి కూడా. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొరతో వస్తుంది కాబట్టి ఆ పని దాదాపు అంతా ఫిల్మ్ లేకుండానే చేస్తుంది. లాభం కనిపించేది పక్క అద్దాలకి. ఖరీదైన ఫిల్మ్‌ని యూవీ పేరుతో అమ్మడం సరికాదు. ఖరీదు వేడికి, రంగు నిలకడకి.

ఇళ్లకి, ఆఫీసులకి ఫిల్మ్ వేసే షాపులైతే మిర్రర్ ఫిల్మ్ వీడియో రెండుసార్లు తీయాలి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఏడున్నరకి లోపల ట్యూబ్‌లైటు వేసి ఇంకోసారి. బయటివాళ్లకి లోపల కనిపించదన్నది పగలే నిజం. రాత్రి లోపలే వెలుగు ఎక్కువ, అప్పుడు లోపల ఉన్నవాళ్లకి అద్దంలో వాళ్లే కనిపిస్తారు, బయటివాళ్లకి ఇల్లంతా కనిపిస్తుంది. ఇది తెలియక పడమటి బాల్కనీ తలుపులకి వేయించుకుని కర్టెన్లు తీసేసినవాళ్లు గొడవకొస్తారు. ఇంకోటి, కిటికీలకి వాడే మామూలు గాజు కారు పక్క అద్దంలా టఫెన్ చేసింది, అంటే వేడి చేసి గట్టిపరిచింది కాదు. బాగా పీల్చుకునే నల్ల ఫిల్మ్ వేస్తే, సగం అద్దం ఎండలో సగం నీడలో ఉన్నప్పుడు వేడి తేడాకి అంచు నుంచి పగులు పాకుతుంది. వేయకముందు గాజు రకం అడిగి, మూలన ముద్ర చూసే షాటు పెడితే అదే పెద్ద ప్రచారం.

తీసే పద్ధతి, పెట్టే వేళ

ఇందులో పెద్ద రహస్యాలేం లేవు. నిలువుగా 9:16లో తీయండి. అక్షరాలు కింది అంచుకి పెడితే ఖాతా పేరు కింద పడిపోతాయి, మధ్యకి జరపండి. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి మాటలన్నీ తెలుగులో తెర మీద రావాలి. నంబర్ ప్లేటు కప్పండి, కస్టమర్‌ని అడిగి తీయండి. వేడి గురించిన వీడియోలు మార్చి మొదట్లోనే పెట్టాలి. రోహిణి కార్తె దాకా ఆగితే అప్పటికి వేయించుకునేవాళ్లు వేయించేసుకుంటారు. దసరాకి, ధనత్రయోదశికి కొత్త కార్లు వస్తాయి, ఆ వారాలు గుణకారం వీడియోకి. వానాకాలంలో ఆరడం ఆలస్యమవుతుందని చెప్పే వీడియో జూన్‌లో ఉండాలి.

ఆరడం గురించి ప్రతి షాపుకీ ఒక పిన్ చేసిన వీడియో ఉండాల్సిందే. మూడు నాలుగు రోజులు గ్లాసులు దించకూడదు. చిన్న నీటి బుడగలు, మసక రెండు నుంచి నాలుగు వారాల్లో పోతాయి, వానల్లో ఇంకాస్త ఎక్కువ. వాటిని గోటితో నొక్కకూడదు. గట్టిగా ఉండే చుక్క నలక, అది పోదు, షాపుకి రావాలి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడకూడదు, మైక్రోఫైబర్ గుడ్డ, మామూలు నీళ్లు చాలు. ఇదే వాట్సాప్‌లో మూడో రోజు, పదిహేనో రోజు, నెల రోజులకి ఒక్కో ముక్క పంపితే, బుడగలొచ్చాయి అంటూ వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి.

రేటు కోసం మెసేజ్ చేయండి అనే పోస్టులకి మార్కు తగ్గిస్తున్నాం. కారు సైజుని బట్టి, ఫిల్మ్ రకాన్ని బట్టి ఇంత నుంచి ఇంత అని రాయండి, అందులో పాత ఫిల్మ్ తీసే కూలి ఉందో లేదో రాయండి. ఫిల్మ్ పేరు, సిరీస్, వారంటీ కార్డు ఎవరి పేరున వస్తుందో రాయండి. గార్వేర్, 3ఎం, లూమార్ లాంటి పేర్లు బోర్డు మీద ఉంటే సరిపోదు. అదే కంపెనీలో చవక రకం, ఖరీదు రకం రెండూ ఉంటాయి. వేసే రోజు రోల్ డబ్బా మీది లేబుల్‌ని కస్టమర్ ముందు చదివే వీడియో తీయండి. ఇన్‌ఫ్లుయెన్సర్ కారుకి ఉచితంగా వేస్తే ఆ సంగతి వీడియోలోనే చెప్పించాలి. గూగుల్‌లో రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం, అలా వచ్చిన రివ్యూలు మాయమైతే ఎవరినీ అనడానికి లేదు.

చివరగా, పాత పని వీడియో. ఏడాది కిందట ఫిల్మ్ వేసిన కారు వేరే పనికి షాపుకొస్తే వదలొద్దు. డ్రైవరు డోర్ అద్దం సగం దించి, పై అంచు దగ్గర నుంచి తీయండి. అంచు లేచిందా, పైన ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలిన గీత అలాగే ఉందా, రోజూ బీడింగ్‌కి రాసుకునే కింది భాగంలో గీతలు పడ్డాయా చూపించండి. వీఎల్‌టీ మీటరు తగిలించి అంకె చదవండి, ఏడాది కిందటి స్లిప్ పక్కన పెట్టండి. కడగకుండా, తుడవకుండా, దుమ్ముతోనే తీయండి.